జవాను నేర్చిన విద్య – పట్టా దాకా నడిచిన దారి



ఈ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు యుద్ధాల గురించి రాయాలా, పెన్షన్ గురించి రాయాలా అని కొన్నాళ్లు ఆలోచించాను. ఆ రెండింటి మీదా నాకన్నా బాగా రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. ఇంతలో మా మేనల్లుడు సెలవు మీద భిలాయి వచ్చాడు. అగ్నివీరుల తొలి జట్టు 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టింది. మావాడు ఆ జట్టులోనివాడే. భోజనాల దగ్గర ఉన్నట్టుండి ఇలా అడిగాడు.

"మావయ్యా, నాలుగేళ్లు అయ్యాక మాకు ఇస్తామంటున్న డిగ్రీ నిజం డిగ్రీయేనా? లేక మీ గోడ మీద ఉన్నలాంటి కాయితమేనా?"

వాడు వెటకారంగా అడగలేదు, భయంతో అడిగాడు. అయినా నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా గోడ మీద ఉన్నది పదిహేనేళ్ల సర్వీసు చేసిన జవానుకు ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్. లామినేషన్ చేయించి మరీ పెట్టుకున్నాను. వాడి ప్రశ్నకు జవాబు చెప్పడానికి చాలా పాత సంగతులు తిరగేయాల్సి వచ్చింది. అవే ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న చదువు

ముందు ఈ ఊరి సంగతి చెప్పాలి. భిలాయిలో ఉక్కు కర్మాగారం కట్టడానికి భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం జరిగింది. నాలుగేళ్లకు, అంటే 1959 ఫిబ్రవరి 4న, మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించారు. అప్పటికి ఇది మధ్యప్రదేశ్. 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్ అయింది. ఆ తొలి రోజుల్లో పని వెతుక్కుంటూ రైలెక్కి వచ్చిన తెలుగువారిలో శ్రీకాకుళం, విజయనగరం వైపు వారు ఎక్కువ. మా నాన్న కూడా అలా వచ్చినవాడే. ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. కోక్ ఓవెన్ల దగ్గర పని దొరికింది.

పని నేర్పింది రష్యన్లు. వాళ్లకు మన భాష రాదు, మనవాళ్లకు వాళ్ల భాష రాదు. దుబాసీ ఉంటే మాటతో, లేకపోతే చేతి సైగతో నేర్పేవారట. అలా నేర్చుకుని మా నాన్న మంట రంగు చూసి లోపల బొగ్గు ఉడికిందో లేదో చెప్పగలిగేవాడు. కొత్తగా చేరిన డిప్లమా కుర్రాళ్లు వచ్చి "రావు గారూ, ఒకసారి చూడండి" అని పిలుచుకుపోయేవారు. ఆ కుర్రాళ్లు ఆయన కళ్ల ముందే ఫోర్‌మన్‌లయ్యారు, ఇంకా పైకి వెళ్లారు. ఆయన రిటైరయ్యే నాటికి కూడా కాగితాల్లో ఎనిమిదో తరగతే.

ఆయనకు దాని మీద కోపం ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. "పని వచ్చు, అది చాలదా" అనేవాడు. కానీ నన్ను మాత్రం ఇంటర్మీడియట్ దాకా చదివించే వరకు నిద్రపోలేదు. ఇప్పుడు అర్థమవుతోంది, ఆయనకు చాలలేదని.

పల్టన్‌లో బడి

నేను 1988లో సిగ్నల్స్‌లో భర్తీ అయ్యాను. జబల్‌పూర్‌లో ట్రైనింగు. రేడియో సెట్టు విప్పి, తప్పు పట్టుకుని, మళ్లీ బిగించడం అక్కడే నేర్చుకున్నాను. ఉస్తాద్ గారు రాత్రి కూడా దీపం పెట్టించి సర్క్యూట్ బొమ్మలు గీయించేవారు.

సైన్యంలో చదువు కొత్తది కాదు. బ్రిటిష్ కాలంలోనే పల్టన్లలో బళ్లుండేవి. రోమన్ లిపిలో హిందుస్తానీ రాయడం నేర్పేవారు. జవాన్ల పిల్లల కోసం 1920లలో మిలిటరీ స్కూళ్లు పెట్టారు. మన ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్ కేంద్రం ఇక్కడికి మరీ దూరం కాని పచ్‌మఢీలో ఉంది. థర్డ్ క్లాస్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ అని సైన్యంలో మన పరీక్షలు మనకున్నాయి. ఎన్.సి.ఓ. కావాలన్నా, జె.సి.ఓ. కావాలన్నా అవి దాటాల్సిందే. మ్యాప్ రీడింగు సరేసరి. ఎన్నో ఏళ్లు సర్వీసు చేసిన హవల్దారు కూడా ఎడ్యుకేషన్ హవల్దారు ముందు పలక పట్టిన పిల్లవాడిలా కూర్చునేవాడు. ఇది చదివేవారిలో చాలామందికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. వీటికితోడు ఇండియన్ ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ అని ఒకటి ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల నిబంధనల్లో అది పొందినవాడిని మెట్రిక్యులేట్‌గానే లెక్కిస్తారు.

అంటే సైన్యం మనకు చదువు చెప్పలేదని ఎవరూ అనలేరు. చిక్కల్లా ఒక్కటే. గేటు లోపల చదివిన చదువుకు గేటు బయట లెక్క లేదు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎన్.డి.ఎ.లో శిక్షణ పూర్తి చేసిన క్యాడెట్‌కు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం డిగ్రీ వస్తుంది. వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో కోర్సు చేసిన అధికారికి మద్రాసు విశ్వవిద్యాలయం ఎమ్మెస్సీ ఇస్తుంది. ఇది తప్పని నేను అనడం లేదు, చాలా మంచి పద్ధతి. సైనిక శిక్షణను విశ్వవిద్యాలయం తూకం వేయగలదని అది రుజువు చేసింది. ఆ తక్కెడ జవాను దాకా రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

1986 నాటి నిబంధన

జవాను కోసం ప్రభుత్వం చేసిన ఏర్పాటు వేరే రకంది. మాజీ సైనికుల పునర్నియామక నిబంధనలు 1979లో వచ్చాయి. వాటిని 1986 ఫిబ్రవరిలో సవరించారు. మెట్రిక్ ప్యాసై, పదిహేనేళ్లకు తగ్గకుండా సర్వీసు చేసిన మాజీ సైనికుణ్ణి, డిగ్రీ అర్హతగా పెట్టిన గ్రూప్-సి ఉద్యోగాలకు కూడా అర్హుడిగా చూడవచ్చునని ఆ సవరణ చెబుతుంది. అయితే అది మాజీ సైనికులకు కేటాయించిన ఖాళీలకు వర్తిస్తుంది. సాంకేతిక లేదా వృత్తిపరమైన అనుభవం తప్పనిసరి అయిన ఉద్యోగాలకు వర్తించదు.

దీనివల్ల ఎంతో మేలు జరిగింది. ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది ఈ నిబంధన వల్లనే. దాని విలువ నేను తగ్గించడం లేదు. కానీ ఈ నిబంధన మీద రికార్డ్స్ నుంచి వచ్చే కాగితాన్ని మనం "గ్రాడ్యుయేషన్" అని పిలుచుకున్నాం. పిలవగా పిలవగా అది డిగ్రీయే అనుకున్నాం. పెళ్లి సంబంధాల్లో కూడా అలాగే చెప్పుకున్నాం.

నేను 2016లో నాయబ్ సుబేదారుగా రిటైరయ్యాను. చరిత్రలో ఎం.ఏ. చేయాలని చాలాకాలంగా కోరిక. ఆ సర్టిఫికెట్ పట్టుకుని ఒక కాలేజీకి వెళ్లాను. పేరు అనవసరం. కౌంటర్లో అమ్మాయి కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అంకుల్, మార్కుల లిస్టు ఏదీ?" అంది. మార్కులుండవమ్మా, సర్వీసు ఉంటుంది అన్నాను. ఆమె లోపలికి వెళ్లి పెద్దాయన్ని అడిగి వచ్చింది. "ఇది ఉద్యోగానికి పనికొస్తుందట అంకుల్, చదువుకి కాదట. ముందు బి.ఏ. చేయాలట." వెనకాల లైన్లో మా అబ్బాయి వయసు పిల్లలున్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఆ రోజు కోపం వచ్చింది. తీరిగ్గా ఆలోచిస్తే ఆ అమ్మాయి చెప్పిందే నిజం. నిబంధనలో ఎక్కడా డిగ్రీ ఇచ్చామని లేదు, ఫలానా ఉద్యోగానికి అర్హుడని మాత్రమే ఉంది. నిబంధన తప్పు కాదు, నేను చదువుకున్న తీరు తప్పు.

అమెరికావారు ఒకసారి చేసిన పొరపాటు

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో చాలా కాలేజీలు తిరిగొచ్చిన సైనికులకు సర్వీసులో గడిపిన కాలాన్ని బట్టి గంపగుత్తగా క్రెడిట్లు ఇచ్చేశాయి. ఎవరేం నేర్చుకున్నారో చూడలేదు. గౌరవంతో చేసిన పనే. కానీ ఆ క్రెడిట్లకు విలువ నిలవలేదు. పునాది లేని కుర్రవాడు పై తరగతిలో కూర్చుని తేలిపోయేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అక్కడి విద్యావేత్తలు ఆ పాఠం మరచిపోలేదు. ఈసారి ఏళ్లు కాదు, నేర్పు కొలుద్దాం అన్నారు. బడి మధ్యలో మానేసి సైన్యంలో చేరినవారి కోసం 1942లో జి.ఇ.డి. పరీక్షలు తయారుచేశారు. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ అనే సంస్థ సైన్యంలోని ఒక్కో కోర్సునూ పరిశీలించి, ఇందులో ఇంత పాఠం ఉంది, దీనికి ఇన్ని క్రెడిట్లు ఇవ్వవచ్చు అని కాలేజీలకు సిఫారసు చేసే పుస్తకం వేసింది. ఆ పని ఈనాటికీ జరుగుతోంది. 1944 జూన్ 22న జి.ఐ. బిల్లు మీద అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం పెట్టారు. ఆ చట్టం కింద 1956 నాటికి సుమారు 78 లక్షల మంది మాజీ సైనికులు చదువో శిక్షణో పొందారు. వారిలో సుమారు 22 లక్షల మంది కాలేజీ మెట్లెక్కారు.

దీంట్లో మనం పట్టుకోవాల్సిన ముక్క ఒకటుంది. పదిహేనేళ్లు చేశావు కాబట్టి గ్రాడ్యుయేట్‌వి అనడం గంపగుత్త లెక్క. ఈ కోర్సు చేశావు, ఇన్ని గంటలు నేర్చుకున్నావు, పరీక్షలో నెగ్గావు కాబట్టి ఇన్ని క్రెడిట్లు అనడం తూకం లెక్క. మొదటిది దయ, రెండోది హక్కు. దయగా వచ్చినదాన్ని ఏ కౌంటర్లో అయినా కాదనవచ్చు. తూచి ఇచ్చినదాన్ని అంత సులువుగా కాదనలేరు.

మన తెలుగువారి వంతు

వయసు మీరినవాడికి, ఉద్యోగంలో ఉన్నవాడికి కాలేజీ తలుపు తీయడంలో మన తెలుగు నేల ముందుంది. ఇది మనం గర్వంగా చెప్పుకోవాలి. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టు 26న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పేరుతో ఏర్పడింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి పేరు పెట్టారు. దాని తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రామిరెడ్డి గారు. తర్వాత 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే మనమందరం ఇగ్నో అనుకునేది, పెట్టినప్పుడు దానికీ ఆయనే తొలి వైస్ ఛాన్సలర్. అటుపైన యు.జి.సి. ఛైర్మన్ కూడా అయ్యారు.

ఆ హైదరాబాదు విశ్వవిద్యాలయం తెచ్చిన పద్ధతి చూడండి. ఇంటర్ ప్యాసు కాకపోయినా, నిర్ణీత వయసు నిండినవారు ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించారు. నువ్వు ఏ బళ్లో చదివావని అడగలేదు, నీకేం వచ్చో చూపించమన్నారు. ఆ దారిన ఎందరో గుమాస్తాలు, గృహిణులు, డ్రైవర్లు, జవాన్లు పట్టభద్రులయ్యారు. ఇది పూర్వానుభవానికి క్రెడిట్ ఇవ్వడం కాదు, తలుపు తీయడం మాత్రమే. కానీ తలుపు తీయనిదే తక్కెడ లోపలికి రాదు కదా.

జ్ఞానదీప్

తక్కెడ జవాను దగ్గరకు మొదటిసారి వచ్చింది 2009లో. ఇగ్నో, భారత సైన్యం కలిసి జ్ఞానదీప్ అనే పథకం మొదలుపెట్టాయి. రెజిమెంటల్ సెంటర్లలో, శిక్షణ సంస్థల్లో జవాను పొందే శిక్షణను కమ్యూనిటీ కాలేజీ చదువుగా గుర్తించి క్రెడిట్లు ఇవ్వాలని దాని ఉద్దేశం. వైమానిక దళానికి ఆకాశ్‌దీప్, నౌకాదళానికి సాగర్‌దీప్ అని వచ్చాయి. అప్పుడు మా యూనిట్‌లో ఎంత సందడో! లంగర్‌లో కూడా అదే కబురు. వంటవాడు కూడా "సాబ్, నా కుక్ కోర్సుకి ఎన్ని క్రెడిట్లు?" అని అడిగేవాడు. నవ్వేవాళ్లం గాని, వాడు అడిగింది సరైన ప్రశ్నే.

తర్వాతి కాలంలో ఆ కమ్యూనిటీ కాలేజీల ఏర్పాటు నిలిచిపోయింది. నా వరకు నేను అప్పట్లో ఫీల్డులో ఉండి, "పీస్ స్టేషన్‌కి వెళ్లాక చూద్దాం" అని వాయిదా వేశాను. పీస్ స్టేషన్ వచ్చేసరికి దీపం ఆరింది. ఈ తప్పు ఎవరి మీదా నెట్టను, అది నాదే.

ఇప్పటి లెక్క

2015లో కేంద్రం తెచ్చిన కౌశల్ వికాస్ యోజనలో, బడి లేకుండా పని నేర్చినవాడిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు పెట్టారు. మేస్త్రీకి, వెల్డరుకు కూడా అది వర్తించింది. మా నాన్న బతికుంటే మొదటి రోజే తీసుకెళ్లేవాణ్ణి. ఆ తర్వాత 2020 నాటి జాతీయ విద్యా విధానం, 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, 2023 ఏప్రిల్‌లో నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ వరసగా వచ్చాయి. పేర్లు పెద్దవి గాని సంగతి తేలిక. బ్యాంకులో డబ్బు వేసుకున్నట్టు నేర్చిన చదువును ఖాతాలో వేసుకోవచ్చు. మధ్యలో ఆపి, మళ్లీ వచ్చి కొనసాగించవచ్చు. అయితే ఖాతాలో వేసిన క్రెడిట్లకు సాధారణంగా ఏడేళ్లే ఆయుష్షు.

లెక్క ఇలా ఉంటుంది. ముప్ఫై గంటల అభ్యాసానికి ఒక క్రెడిట్. ఏడాదికి 1200 గంటలు, అంటే 40 క్రెడిట్లు. మూడేళ్ల డిగ్రీకి 120. నేను ఒక రాత్రి కూర్చుని నా జబల్‌పూర్ రోజుల లెక్క వేశాను. వారానికి 36 గంటల క్లాసు అనుకుంటే యాభై వారాలకు 1800 గంటలు, అంటే 60 క్రెడిట్లు. సగం డిగ్రీ! కాగితం మీద ఆ అంకె చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇది నేను సరదాకి వేసుకున్న లెక్కే, ఏ విశ్వవిద్యాలయమూ నాకు ఇచ్చింది కాదు. కానీ మనం నేర్చింది తక్కువేమీ కాదని అప్పుడు తెలిసింది.

ఇక మా మేనల్లుడి సంగతి. అగ్నిపథ్ పథకం 2022 జూన్ 14న ప్రకటించారు. మర్నాడే విద్యాశాఖ అగ్నివీరుల కోసం ఇగ్నో ద్వారా ప్రత్యేక మూడేళ్ల డిగ్రీ ఉంటుందని చెప్పింది. డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో సగం సైన్యంలో పొందిన శిక్షణ నుంచి వస్తాయి. మిగతా సగం భాషలు, చరిత్ర, అర్థశాస్త్రం, గణితం, వ్యవసాయం వంటి సబ్జెక్టులు చదివి, పరీక్ష రాసి తెచ్చుకోవాలి. వాటితోపాటు పర్యావరణం, ఇంగ్లీషు సంభాషణ కూడా ఉంటాయి. మొదటి ఏడాది చదువుతో ఆగితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లమా, మూడేళ్లకు డిగ్రీ. పదో తరగతితో చేరినవారికి ఓపెన్ స్కూల్ ద్వారా పన్నెండో తరగతి పూర్తి చేసుకునే దారి కూడా పెట్టారు.

మేనల్లుడికి చెప్పిన జవాబు

అన్నీ చదివాక వాడికి ఫోన్ చేశాను.

"ఒరే, నీది నా కాయితం లాంటిది కాదు. నాది ఏళ్లు చూసి ఇచ్చింది, నీది పాఠం చూసి ఇచ్చేది. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. సైన్యం నీకు సగమే ఇస్తుంది. మిగతా సగం నువ్వు చదవకపోతే అది అర డిగ్రీ కూడా కాదు, ఏమీ కాదు."

"డ్యూటీలే సరిపోతున్నాయి మావయ్యా, చదివే టైమెక్కడిది?" అన్నాడు.

"నేను కూడా పీస్ స్టేషన్ వచ్చాక చదువుదామనుకున్నాను రా" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "సరే, ఈసారి పరీక్షలు రాస్తాను" అన్నాడు.

నాలుగేళ్ల తర్వాత నూటికి పాతికమంది దాకానే సైన్యంలో కొనసాగుతారు. మిగతావారు చిన్న వయసులోనే బయటికి వస్తారు. వారికి పదిహేనేళ్ల సర్వీసు ఉండదు కనుక, 1986 నాటి నిబంధన వారికి అక్కరకు రాదు. కాబట్టి ఆ మిగతా సగం చదువు వారికి అలంకారం కాదు, అన్నం.

సోదరులకు మనవి

సర్వీసులో ఉన్న తమ్ముళ్లారా, మీరు చేసిన ప్రతి కోర్సు సర్టిఫికెట్టు, ట్రేడ్ టెస్టు ఫలితం జాగ్రత్త చేయండి. కోర్సు ఎన్ని వారాలు, ఏమేం నేర్పారు అన్నది కూడా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. రేపు తూకం వేసేవాడు మొదట అడిగేది అదే. నా ట్రేడ్ టెస్టు కాగితాలు రెండు బదిలీల్లో పోయాయి. డిశ్చార్జి బుక్కులో ఒక్క లైనే మిగిలింది.

రిటైరైన అన్నలారా, పదిహేనేళ్ల సర్టిఫికెట్‌ను పారేయకండి. ఉద్యోగానికి అది బలం. కాని దాన్ని డిగ్రీ అని పిల్లలకు చెప్పకండి. పదోన్నతి కోసమో, పై చదువు కోసమో అది చూపించి తలవంచుకుని రావడం కంటే, సంగతి ముందే తెలిసి ఉండడం మేలు.

మన సంఘం తరఫున ఒక పని చేయవచ్చుననిపిస్తుంది. భిలాయి, దుర్గ్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగు అగ్నివీరుల ఇళ్లకు వెళ్లి ఈ డిగ్రీ సంగతి తల్లిదండ్రులకు తెలుగులో వివరించడం. కుర్రాళ్లు సరిహద్దులో ఉంటారు, వారికి గుర్తుచేయాల్సింది ఇంట్లోవాళ్లే. కార్యదర్శి గారు ఒప్పుకుంటే ఆ డ్యూటీ నేను తీసుకుంటాను.

చివరిగా నా సంగతి. నాలాంటి పాత పెన్షనర్లకు అగ్నివీరుల కోర్సు వర్తించదు. నా జబల్‌పూర్ గంటలకు ఎవరూ క్రెడిట్ ఇవ్వరు. అయినా సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఏ. మొదటి సంవత్సరానికి దరఖాస్తు పెట్టాను. ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ జిరాక్సు జతచేశాను. మా నాన్న పట్టుబట్టి చదివించిన ఆ ఇంటర్ ఇన్నేళ్లకు పనికొచ్చింది.

గోడ మీది కాగితాన్ని తీసేయలేదు. దాని పక్కన ఇంకో మేకు కొట్టి ఉంచాను.

జై హింద్.